రేవడి పక్షాన

‘రెంటికీ చెడ్డ రేవడి’ అని మనకో సామెత ఉంది. రేవడంటే చాకలి. ఏటికి ఇటూ అటూ రెండు ఒడ్డుల మీదా బట్టలు ఆరేశాడట. వరదొచ్చింది. ముందు ఏ ఒడ్డుకి పరిగెత్తాలో తేల్చుకునేలోగా రెండు వైపులా బట్టలు కొట్టుకుపోయాయట. నేను విన్న కథ ఇదీ. ఇందులో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: అసలు రెండు ఒడ్డుల మీదా ఎందుకు ఆరేశాడు? ఊరందరి బట్టలూ ఉతికేవాడికి ఒక ఒడ్డు చాలదు కాబట్టి. సామెత కట్టినవాళ్లకి ఆ సంగతి పట్టలేదు. కొట్టుకుపోయిన బట్టలు తమవేనన్నది కూడా పట్టినట్టు లేదు.

ఈ సామెతని ఆ మధ్య ఒక కారు మీద ప్రయోగించగా విన్నాను. ఏదో పుస్తకావిష్కరణ సభ అయ్యాక బయట టీ తాగుతున్నాం. ఒకాయన ఫోన్ తీసి 1966 నాటి ఫోర్డ్ మస్టాంగ్ ఫొటో చూపించాడు. ముందు నుంచి తలుపుల దాకా మస్టాంగే. ఆ వెనక టాపు లేదు, సీటు లేదు, డిక్కీ లేదు. వాటి బదులు చిన్న పికప్ తొట్టి. దాని పేరు మస్టెరో. ఆయన సామెత అన్నాడు, అందరూ నవ్వారు. ఆ నవ్వుతో నాకు పేచీ ఉంది.

ముందు ఈ బళ్ల సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. స్పోర్ట్స్ కారునీ, కారు పునాది మీద కట్టిన పికప్‌నీ కలిపి ఒక్కటి చేసే పని అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ దశాబ్దాలుగా షెడ్లలో సాగుతోంది. ఇందులో రెండు దారులున్నాయి. మస్టాంగ్, కమారో, కోర్వెట్ లాంటిదాన్ని తెచ్చి వెనక భాగం కోసేసి తొట్టి అమర్చడం ఒకటి. ఎల్ కమీనో లాంటి కారు-పికప్‌ని తెచ్చి దానికి స్పోర్ట్స్ కారు ముఖం, ఇంజిను తొడగడం రెండోది. వీటిని చూసి నవ్వేవాళ్లు కూడా రెండు రకాలు. అందమైన కారుని పాడుచేశారని అసహ్యించుకునేవాళ్లు మొదటి రకం. ‘ఎంత చెత్తగా ఉందో, భలే ఉంది’ అని ముద్దు చేసేవాళ్లు రెండో రకం. మొదటివాళ్లతో వాదించొచ్చు. రెండోవాళ్లు ఆ మాత్రం గౌరవం కూడా బండికి ఇవ్వరు.

నా వాదన చిన్నది. ఈ బళ్లని అందాల పోటీలో నిలబెట్టడం మానండి. తొట్టిలో బరువేసి చూడండి. మోస్తే మంచి బండి, మొయ్యకపోతే చెడ్డ బండి. ఆ తర్వాత మాట్లాడుకుందాం.

*

ఈ కలయిక ఎక్కడ పుట్టిందో చూస్తే నవ్వు కాస్త తగ్గాలి. 1930ల మొదట్లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం నుంచి ఒక రైతు భార్య ఫోర్డ్ కంపెనీకి ఉత్తరం రాసిందని చెప్పుకుంటారు. ఆదివారం చర్చికి తడవకుండా వెళ్లడానికీ, సోమవారం పందుల్ని సంతకి తీసుకెళ్లడానికీ ఒకే బండి కావాలని ఆమె అడిగిందట. రెండు బళ్లు కొనే డబ్బు లేదు. జిలాంగ్ ఊళ్లోని ఫోర్డ్ ఫ్యాక్టరీలో పనిచేసే లూ బ్యాంట్ అనే ఇరవై మూడేళ్ల డిజైనర్ చేతికి ఆ పని వచ్చింది. కారు క్యాబిన్‌నీ వెనక తొట్టినీ విడివిడిగా పెట్టకుండా ఒకే బాడీగా కలిపేశాడు. 1934లో అమ్మకానికి వచ్చింది. ఆస్ట్రేలియా వాళ్లు దాన్ని ‘యూట్’ అని పిలుచుకున్నారు.

మన ఊళ్లలో ఆ ఉత్తరం ఎవరూ రాయలేదు, టీవీఎస్ మోపెడ్ ఉంది కాబట్టి. పొద్దున కాళ్ల సందున యూరియా బస్తా, వెనక గడ్డిమోపు. సాయంత్రం అదే బండిని తుడిచి, వెనక పట్టుచీర కట్టుకున్న మనిషిని కూర్చోబెట్టుకుని పెళ్లికి. ఆ బండిని చూసి ‘ఇది సరుకుల బండా, మనుషుల బండా?’ అని ఎవరైనా అడిగారా? ఒక్క బండే కొనగలిగిన ఇంట్లో ఆ ప్రశ్నే పుట్టదు. గ్యారేజీలో మూడు కార్లున్న చోట పుడుతుంది.

అందుకే ‘ఇటు కాదు, అటు కాదు’ అన్న వెక్కిరింతలో డబ్బు వాసన వస్తుందంటాను. పనికి ఒక బండి, సరదాకి ఒక బండి విడిగా ఉండడం ఒక స్తోమత. అది లేనివాడు పని బండికే సరదా అతికిస్తాడు, లేదా సరదా బండికే పని అతికిస్తాడు. అతుకు కనిపిస్తుంది. కనిపించనివ్వండి.

*

‘మస్టాంగ్‌ని కొయ్యడం పాపం’ అనేవాళ్లకి మస్టాంగ్ పుట్టుక గుర్తుచెయ్యాలి. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో ఫోర్డ్ దాన్ని లోకానికి చూపించింది. పైన కొత్త ఒంపులు, కింద చాలావరకు ఫాల్కన్ అనే చవక కుటుంబ కారు సామాను. ఇంకోపక్క, 1957లో మొదలైన ఫోర్డ్ రాంచెరో అనే కారు-పికప్ 1960 నుంచి కొన్నేళ్లు అదే ఫాల్కన్ మీద తయారైంది. అంటే మస్టాంగ్, రాంచెరో ఒక తల్లి పిల్లలు. ఒకడు సూటు వేసుకుని ఊళ్లోకి పోయాడు, ఇంకొకడు పొలంలో ఉండిపోయాడు. 1966లో బెవర్లీ హిల్స్‌లో ఒక కంపెనీ మస్టాంగ్‌కి తొట్టి కట్టి, ఇద్దరి పేర్లూ కలిపి మస్టెరో అని పెట్టింది. అది సంకరం అయితే, ఏ రెండు జాతుల సంకరమో నాకు ఎవరైనా చెప్పాలి.

జనరల్ మోటార్స్ కథా అంతే. 1959లో వచ్చిన ఎల్ కమీనో రెండేళ్లకే ఆగిపోయి, 1964లో షెవెల్ అనే కారు పునాది మీద తిరిగొచ్చింది. 1970లో దాన్ని 454 క్యూబిక్ అంగుళాల ఇంజినుతో, 450 హార్స్‌పవర్‌తో కొనుక్కునే వీలుండేది. వెనక తొట్టి, ముందు ఆ కాలపు అతి బలమైన ఇంజిన్లలో ఒకటి. ఇదంతా కంపెనీ చేసి, బ్రోషర్ అచ్చేసి, షోరూములో పెట్టి అమ్మింది. కంపెనీ కలిపితే మోడల్, షెడ్డులో మెకానిక్ కలిపితే అపచారం. తేడా ఎక్కడుంది? సంతకంలో ఉంది.

*

‘అసలు కారంటే ఏమిటి, ట్రక్కంటే ఏమిటి అన్న నిర్వచనాలు ఉంటాయి కదా’ అని ఇంజనీరు మిత్రులు అడుగుతారు. ఉంటాయి. అవి ఎలా పుడతాయో కూడా చూద్దాం. 1960ల మొదట్లో అమెరికా కోళ్ల మీద ఐరోపా దేశాలు సుంకం పెంచాయి. దానికి బదులు తీర్చుకోవడానికి అమెరికా బంగాళాదుంప పిండి, డెక్స్‌ట్రిన్, బ్రాందీ, చిన్న ట్రక్కుల మీద 25 శాతం దిగుమతి సుంకం వేసింది. దాని పేరే చికెన్ టాక్స్. కోళ్ల గొడవ ఎప్పుడో చల్లారింది. 1964లో ట్రక్కుల మీద పడ్డ సుంకం మాత్రం అలాగే ఉండిపోయింది.

1970ల చివర్లో సుబారు కంపెనీ బ్రాట్ అనే చిన్న కారు-పికప్‌ని అమెరికాకి తెచ్చింది. ట్రక్కంటే 25 శాతం. అందుకని తొట్టిలో రెండు ప్లాస్టిక్ సీట్లు, వెనక్కి చూసేలా బిగించింది. సీట్లున్నాయి, మనుషులు కూర్చుంటారు, కాబట్టి ఇది ట్రక్కు కాదు, ప్రయాణికుల కారు! సుంకం పిసరంతకి దిగింది. అదే బ్రాట్ ఒకటి తర్వాత అధ్యక్షుడైన రోనాల్డ్ రీగన్ రాంచ్‌లో కూడా ఉండేది.

ఈ తెలివి మనకి కొత్తేమీ కాదు. హిరణ్యకశిపుడు వరం కోరినప్పుడు పక్కా లాయరులా కోరాడు. మనిషి వల్ల కాదు, మృగం వల్ల కాదు. ఇంట్లో కాదు, బయట కాదు. పగలు కాదు, రాత్రి కాదు. ఆ వాక్యాల మధ్య సందులోంచి, సంధ్యవేళ, గడప మీద నరసింహుడు వచ్చాడు. సింహాచలంలోనైతే వరాహమూ నరసింహమూ కలిసి ఒకే మూర్తి. ఆయన్ని చూసి ‘రెంటికీ చెడ్డ’ అన్నవాడు లేడు. వర్గాలు గట్టిగా గీసిన చోట ప్రాణం నిలుపుకోవడానికి రెంటి మధ్యా నిలబడాల్సి వస్తుందని ఆ కథ విన్న ప్రతివాడికీ తెలుసు. కారు దగ్గరికొచ్చేసరికి మర్చిపోతాం.

*

ఇప్పుడు నా పక్షం వాళ్లతోనే తగువు. కలపడమే గొప్ప అని నేను అనను. చాలా బళ్లు నిజంగానే చెడ్డవి. ఎందుకు చెడ్డవో చెప్పడానికి కాస్త ఇనుము గురించి మాట్లాడాలి.

లారీకి, పాత జీపుకి కింద ఇనప చట్రం ఉంటుంది. బాడీ దాని మీద కూర్చుంటుంది. బాడీ కోసినా చట్రం మోస్తుంది. మస్టాంగ్ అలా కాదు. నేల, టాపు, స్తంభాలు, పక్క రేకులు అన్నీ వెల్డింగుతో ఒకటై పెట్టెలా బరువు మోస్తాయి. చెప్పుల అట్టపెట్టెని మూతతో సహా రెండు చేతులతో మెలిపెట్టి చూడండి. తర్వాత మూత తీసేసి, ఒక వైపు గోడ కూడా చింపి మెలిపెట్టండి. కారు టాపు కొయ్యడమంటే అదే. కోశాక తలుపుల కింద గట్టుల్లో ఇనప గొట్టాలు పెట్టాలి, సీట్ల వెనక కొత్త గోడ కట్టాలి, ఆ గోడని నేలకీ స్తంభాలకీ కట్టిపడెయ్యాలి. ఇవేవీ ఫొటోలో కనపడవు. చెయ్యకపోతే గుంతలో చక్రం పడ్డప్పుడు తలుపు దానంతటదే తెరుచుకుంటుంది.

తమాషా ఏమిటంటే, 1968 నుంచి 1982 దాకా తయారైన మూడో తరం కోర్వెట్‌కి కింద విడి ఇనప చట్రం ఉంది, పైన ఫైబర్‌గ్లాస్ బాడీ. కట్టుబడి లెక్కన చూస్తే, అందరూ పూజించే ఆ స్పోర్ట్స్ కారు మస్టాంగ్ కన్నా లారీకే దగ్గర చుట్టం. బీఎండబ్ల్యూ వాళ్లు 1986లో తమ ఎం3 స్పోర్ట్స్ కారుని పికప్‌గా మార్చినప్పుడు మామూలు కారుని కొయ్యలేదు. టాపు తెరిచే మోడల్ బాడీ తీసుకున్నారు, టాపు లేకపోయినా నిలబడేలా దాన్ని ముందే గట్టిపరిచి ఉంటారు కాబట్టి. ఆ బండి ఇరవై ఏళ్లకి పైగా వాళ్ల వర్క్‌షాపులోనే సామాన్లు మోసింది. అమ్మకానికి పెట్టలేదు. 2011లో దాని వారసుణ్ని ఏప్రిల్ ఫూల్ జోకుగా లోకానికి చూపించారు. లోకం నవ్వింది. ఆ జోకు కూడా తర్వాత వర్క్‌షాపు చాకిరీకే పోయింది.

నేను టెక్సస్‌లో ఉద్యోగం చేసిన మూడేళ్లలో ఇలాంటి బండి ఒకదాన్ని దగ్గరగా చూశాను. 1980ల నాటి కమారో. వెనక పెద్ద అద్దం ఉండాల్సిన చోట రేకు తొట్టి. రంగు రెండు చోట్ల రెండు రకాలు. తొట్టిలో గడ్డి కోసే యంత్రం, పెట్రోలు డబ్బా, రెండు పారలు. మా అపార్ట్‌మెంట్ల వెనక ఇళ్లలో గడ్డి కోసే మనిషిది. అతను యంత్రాన్ని దించుతుంటే నేను తొట్టి లోపలికి చూశాను. నేల మీద రంగు పూర్తిగా లేచిపోయి, యంత్రం చక్రాలు నడిచిన రెండు చారలు మెరుస్తున్నాయి. వెనక కారుని గుద్దించుకుంటే ఇన్సూరెన్సు కంపెనీ చేతులెత్తేసిందని, ముందు సగం బాగానే ఉంది కదా అని కోశానని చెప్పాడు. అటుగా వెళ్తున్న ఇద్దరు కుర్రాళ్లు ఫోన్లు తీసి నవ్వుతూ ఫొటో తీసుకున్నారు. వాళ్ల వెనక పార్కింగులో ఐదారు పెద్ద పికప్‌లు నిలబడి ఉన్నాయి. ఒక్కదాని తొట్టి మీదా గీత లేదు.

ఇదే నా కొలమానం. తొట్టిలో తివాచీ పరిచి, స్పీకర్లు బిగించి, కార్ల ప్రదర్శనలో నిలబెట్టే బండి ఉందే, దాన్ని నేను కూడా సమర్థించను. అది తొట్టి వేషం వేసుకున్న డిక్కీ. మస్టెరో మీద కూడా నాకు ఈ అనుమానమే ఉంది. చవక బండి కాదు, చాలా కొద్దిగా తయారైంది, అది పుట్టిన పేటలో పందుల సంత లేదు. కానీ ఈ అభ్యంతరం వేరు, ఆ రోజు టీ దగ్గర నవ్విన నవ్వు వేరు. వాళ్లు నవ్వింది తొట్టి ఉన్నందుకు.

*

ఎదుటి పక్షం వాదనల్లో రెండిటికి జవాబివ్వాలి. మొదటిది: పాత కార్లు వారసత్వం, కొయ్యకూడదు. నిజంగా అరుదైన కారు ముందుకొస్తే నేనూ గ్రైండర్ కింద పెట్టెయ్యమంటాను. కానీ వేలల్లో, లక్షల్లో తయారైన కారు, వెనక నుజ్జయి తుక్కు ధరకి వచ్చిన కారు? దాన్ని అలాగే వదిలేస్తే మిగిలేది వారసత్వం కాదు, తుప్పు. వేలంపాటల్లో ఇంజిను నంబరూ బాడీ నంబరూ కలిశాయా లేదా అని చూసి ధర కట్టేవాళ్ల భాషని మనమెందుకు అరువు తెచ్చుకోవాలి? వాళ్లది పెట్టుబడి, కారు ప్రేమ అని పైకి చెప్తారు.

రెండోది: భద్రత. ఇది అసలైన అభ్యంతరం. కంపెనీ గోడకి గుద్ది పరీక్షించిన నిర్మాణాన్ని కోశాక ఆ పరీక్ష చెల్లదు. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పుల్ని దాదాపు కట్టేసింది. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా మార్చిన బండిని రిజిస్టర్ చెయ్యకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చింది. హైదరాబాద్‌లో మీకు తొట్టి కమారో కనపడకపోవడానికి అదొక కారణం. రోడ్డు మీద నేనూ నడుస్తాను, నా పిల్లలూ నడుస్తారు. కాబట్టి పరీక్ష పెట్టండి. వెల్డింగు చూడండి, బ్రేకులు చూడండి, బరువేసి నడపమనండి, ఫెయిలైతే ఆపెయ్యండి. పరీక్ష పెట్టడం వేరు, చూడకుండానే కాదనడం వేరు. ఇంజనీరుగా నాకు రెండోది చేతకానితనంలా కనిపిస్తుంది.

ఇక కంపెనీల సంగతి. రాంచెరో 1979లో ఆగింది, ఎల్ కమీనో 1987లో. ఆస్ట్రేలియాలో హోల్డెన్ మలూ అనే యూట్ 2006లో గంటకి 271 కిలోమీటర్ల వేగం అందుకుని పికప్‌లలో రికార్డు కొట్టింది. ఆ తర్వాత పదేళ్లకి, 2016లో ఫోర్డ్ ఫాల్కన్ యూట్ తయారీ ఆపేశారు. 2017 అక్టోబర్‌లో హోల్డెన్ తన చివరి ఫ్యాక్టరీ మూసేసింది. అమెరికాలో పాంటియాక్ జీ8 ఎస్టీ అని ఒకటి 2008లో ఊరించి, అమ్మకానికి రాకుండానే 2009 జనవరిలో రద్దయింది. వాటి చోట్లోకి నాలుగు తలుపుల ఎత్తు పికప్‌లు వచ్చాయి. మోత బండి రూపాన్ని కుటుంబ కారుగా అమ్మడం లాభసాటి. తొట్టి చిన్నదవుతూ, బానెట్ మనిషి ఛాతీ దాకా లేస్తూ పోయింది. కలపడం కంపెనీలు కూడా మానలేదన్నమాట. పనికి తీసుకెళ్లే కారు పోయి, పని చేస్తున్నట్టు కనపడే కారు మిగిలింది.

అందుకే 2019 జూన్‌లో సిమోన్ గియర్ట్జ్ అనే యూట్యూబర్ తన టెస్లా మోడల్ 3 కారుని మిత్రులతో కలిసి కోసి పికప్‌గా మార్చుకున్నప్పుడు నాకు పండగలా అనిపించింది. ఆమెకి చిన్న ఎలక్ట్రిక్ పికప్ కావాలి, అమ్మేవాళ్లు లేరు, కొత్త కారు వెనక భాగం కోసేసింది. పేరు ట్రక్లా. టెస్లా తన సొంత పికప్‌ని చూపించింది ఆ ఏడాది నవంబర్‌లో. కొనుగోలుదారుల చేతికి ఇవ్వడం మొదలుపెట్టింది 2023 చివర్లో. ట్రక్లా అప్పటికే నాలుగేళ్లుగా ఉంది.

*

సాహిత్య పత్రికలో కార్ల గొడవ ఏమిటని అడిగేవాళ్లుంటారు. నేను పగలు కోడ్ రాసి, రాత్రి పుస్తకాల మీద రాసే మనిషిని. ఆఫీసులో ‘నువ్వు కవివి కదా, డిజైన్ డాక్యుమెంట్ కూడా కథలా రాశావు’ అన్నారు. సాహిత్య సభలో ‘ఇంజనీరు విమర్శ ఇలాగే ఉంటుంది’ అన్నారు. రెండు చోట్లా నేను రాసినదాంట్లో తప్పు ఇదీ అని ఎవరూ చూపించలేదు. చూపిస్తే దిద్దుకునేవాణ్ని. ఏ గదిలో కూర్చోవాలో మాత్రం చెప్పారు. ఇలా అనేవాళ్లే నన్నయ దగ్గరికి వచ్చేసరికి చేతులు జోడిస్తారు. ఆయన భారతం పద్యమూ గద్యమూ కలిసిన చంపువు. రెంటికీ చెడిందా?

కలిపిందల్లా గొప్పదని మళ్లీ అనడం లేదు. కలిపినదాన్ని అది చేస్తానన్న రెండు పనులూ చేస్తోందో లేదో చూసి తేల్చండి అంటున్నాను. పద్యకథ అయితే పద్యమూ నడవాలి, కథా కదలాలి. తొట్టి కమారో అయితే మలుపులో ఒదగాలి, బస్తాలూ మొయ్యాలి. ఒకటి కుదరకపోతే ఏది కుదరలేదో, ఎక్కడ విరిగిందో వివరంగా తిట్టండి. ఆ తిట్టు పనికొస్తుంది, చేసినవాడు రేపు ఇంకో ఇనప గొట్టం వేసుకుంటాడు.

ఈసారి ఎవరైనా ఇలాంటి బండి ఫొటో చూపిస్తే, ముందు భాగం మస్టాంగా కమారోనా అని చూడకండి. ఫొటో పెద్దది చేసి తొట్టి నేల చూడండి. రంగు లేచిపోయి ఉంటే ఆ బండి గురించి కొంచెం మర్యాదగా మాట్లాడండి.